పదవిని వీడిన గురువు: శాంతి, మానవ హక్కుల చరిత్రలో పద్నాలుగవ దలైలామా

ఆధునిక బౌద్ధ చరిత్రలో 1956వ సంవత్సరానికి విశిష్ట స్థానమున్నది. థేరవాద సంప్రదాయ గణన ప్రకారం తథాగతుని మహాపరినిర్వాణానికి 2500 సంవత్సరాలు నిండిన సందర్భమది. ఆ ఏడాది అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ అంబేడ్కర్ లక్షలాది అనుయాయులతో కలిసి బౌద్ధ దీక్ష స్వీకరించారు. నవంబరులో ఖాట్మండు నగరంలో జరిగిన ప్రపంచ బౌద్ధ సమ్మేళనంలో ప్రసంగించారు. డిసెంబరు 6న ఢిల్లీలో కన్నుమూశారు. సరిగ్గా ఆ రోజులలోనే, బుద్ధ జయంతి ఉత్సవాల నిమిత్తం టిబెట్టు నుండి ఇరవై ఒక్క సంవత్సరాల యువ భిక్షువు భారతదేశానికి వచ్చారు. ఆయనే పద్నాలుగవ దలైలామా, టెన్జిన్ గ్యాట్సో. ఒకరు ఈ దేశంలో శతాబ్దాలుగా మూతబడిన ధర్మద్వారాన్ని తెరచి వెళ్ళిపోయారు. మరొకరు కొద్ది ఏళ్ళలోనే ఆ ద్వారం వద్దకు శరణార్థిగా వచ్చి నిలిచారు.

మేము కళాశాలలో ఆధునిక ఆసియా చరిత్రను బోధించునపుడు టిబెట్టు ప్రస్తావన వచ్చిన ప్రతిసారి ఏదో ఒక మూల నుండి ఒకే ప్రశ్న లేస్తుంది. “సార్, అరవై ఏళ్ళకు పైగా అహింస, అహింస అన్నారు గదా! దానివల్ల ఆయనకు ఏమి దక్కింది? దేశం దక్కలేదు గదా!” ఇది కొట్టిపారవేయదగిన ప్రశ్న కాదు. బౌద్ధ పునరుజ్జీవనమును కోరే మనవంటి వారందరూ జవాబు చెప్పవలసిన ప్రశ్న. బుద్ధుని కరుణ కేవలం వ్యక్తిగత సద్గుణమా? లేక బలవంతుని ఎదుట బలహీనుని హక్కును నిలబెట్టగల సామాజిక శక్తియా? దలైలామా జీవితాన్ని చరిత్ర విద్యార్థి దృష్టితో పరిశీలించి, ఈ ప్రశ్నకు మాకు తోచిన సమాధానాన్ని పాఠకుల ముందుంచుట ఈ వ్యాస లక్ష్యం.

రాజ్యము, శరణార్థిత్వము

1935 జూలై 6న టిబెట్టు ఈశాన్య ప్రాంతమైన ఆమ్‌డోలోని తక్త్సేర్ అనే చిన్న గ్రామంలో, ఒక రైతు కుటుంబంలో ఆయన జన్మించారు. పసితనంలోనే పదమూడవ దలైలామా పునర్జన్మగా గుర్తింపబడి, 1940లో లాసా నగరంలో పీఠాధిష్ఠితులైనారు. 1950 అక్టోబరులో చైనా సైన్యం తూర్పు టిబెట్టులో ప్రవేశించింది. ఆ మరుసటి నెలలోనే, పదిహేనేళ్ళ ప్రాయంలో, సంపూర్ణ రాజ్యాధికారం ఆయన భుజాలపై పడింది. 1951 మే 23న బీజింగులో టిబెట్టు ప్రతినిధులు సంతకం చేసిన పదిహేడు అంశాల ఒప్పందంతో టిబెట్టు చైనా సార్వభౌమత్వం కిందికి వచ్చింది.

ఇక్కడ భారతీయులమైన మనము గుర్తుంచుకొనవలసిన సంగతి ఒకటున్నది. 1954 ఏప్రిల్ 29న భారత, చైనా ప్రభుత్వాలు కుదుర్చుకొన్న ఒప్పందం పీఠికలోనే సుప్రసిద్ధమైన “పంచశీల” సూత్రాలు చోటుచేసుకొన్నాయి. పంచశీల అనునది బౌద్ధ ఉపాసకుని నిత్యపఠనంలోని మాట. మొదటి శీలమే ప్రాణిహింస చేయకుండుట. అయితే ఆ ఒప్పందపు అసలు విషయం టిబెట్టుతో వాణిజ్యము, రాకపోకలు. బుద్ధుని మాటను శిరసున ధరించిన ఆ పత్రంలో టిబెట్టు ప్రజల సంతకం లేదు. వారి అభిప్రాయమును ఎవరూ అడగలేదు. పవిత్రమైన పదం ఉన్నంత మాత్రాన న్యాయం ఉన్నట్లు కాదని ఆ పత్రం మనకు నేర్పుతున్నది.

1956లో భారతదేశానికి వచ్చినపుడు తిరిగి వెళ్ళవలెనా, ఇక్కడనే ఆగిపోవలెనా అనే సందిగ్ధం యువ దలైలామాను వేధించింది. తిరిగి వెళ్ళి ఒప్పందం పరిధిలోనే పని చేయమని నెహ్రూ సలహా ఇచ్చారు. రాజఘాట్‌లో గాంధీజీ సమాధి ముందు నిలిచినపుడు, హింసతో ఏనాడూ చేయి కలపరాదన్న నిశ్చయం తనలో దృఢపడిందని దలైలామా తరువాత తన ఆత్మకథలో వ్రాసుకొన్నారు. 1957లో ఆయన లాసాకు తిరిగి వెళ్ళారు. 1959 మార్చి 10న లాసా ప్రజలు ఆయన రక్షణకై వేసవి ప్రాసాదాన్ని చుట్టుముట్టారు. 17వ తేదీ రాత్రి ఆయన మారువేషంలో నగరం వీడారు. 31వ తేదీన తవాంగ్ ప్రాంతం వద్ద భారత సరిహద్దును దాటారు. ఆయన వెంట సుమారు 80,000 మంది టిబెటన్లు మంచు కనుమలు దాటి వచ్చారు. భారతదేశం వారికి ఆశ్రయమిచ్చింది. 1960 నుండి ధర్మశాల ఆయన నివాసమైనది.

ఆయనను నిష్పక్షపాతంగా చూడదలచినవారు పాత టిబెట్టును స్వర్గంగా చిత్రించనక్కరలేదు. పెద్ద భూస్వామ్య ఎస్టేట్లు, మఠాల ఆస్తులు, వంశపారంపర్య ఋణాలతో నలిగిన రైతులు అక్కడ ఉన్నారు. ఈ అసమానతను దలైలామా స్వయంగా అంగీకరించారు. 1950లలోనే ఋణభారం తగ్గించుటకు ఒక సంస్కరణ సంఘమును నియమించారు. అయితే ఒక సమాజంలో అన్యాయం ఉన్నదన్న కారణంతో వెలుపలి సైన్యం ఆ ప్రజల నోరు మూయించుట న్యాయం కాజాలదు. అంతకుమించి, తన సమాజంలోని లోపమును ఒప్పుకొన్న ఆ నాయకుడు దానిని సరిదిద్దుటకు ప్రవాసంలో ఏమి చేశారన్నది చరిత్రకారునికి ముఖ్యమైన ప్రశ్న.

సింహాసనం నుండి శాసనసభకు

గుడారాలలో, రోడ్డు నిర్మాణ శిబిరాలలో తలదాచుకొన్న శరణార్థులకు తిండి, వైద్యం, బడి సమకూర్చుటే తలకు మించిన పనిగా ఉన్న 1960లోనే, దలైలామా వారిచేత ప్రతినిధుల సభను ఎన్నిక చేయించారు. ఆ ఏడాది సెప్టెంబరు 2న తొలి ప్రతినిధులు ప్రమాణం చేశారు. నేటికీ టిబెటన్లు ఆ దినమును ప్రజాస్వామ్య దినంగా జరుపుకొంటారు. 1963 మార్చి 10న భవిష్యత్ టిబెట్టు కొరకు ఒక రాజ్యాంగం ప్రకటింపబడింది. సభలో మూడింట రెండు వంతుల మంది కోరినచో, సర్వోన్నత న్యాయస్థానమును సంప్రదించి, దలైలామా అధికారాలను సైతం తొలగించవచ్చునన్న నిబంధన అందులో ఉన్నది. ఆ నిబంధన వద్దని ప్రజలే మొరపెట్టుకొన్నారు. అవలోకితేశ్వరుని అవతారంగా తాము కొలిచే గురువును తొలగించే మాట చట్టంలో ఉండుట వారికి అపచారంగా తోచింది. అయినను ఆయన పట్టుబట్టి దానిని నిలిపారు.

తరువాతి ఘట్టాలు ఈ దారిలోనివే. 1991లో ప్రవాస టిబెటన్ల శాసనపత్రం అమలులోనికి వచ్చింది. 2001లో ప్రవాస ప్రభుత్వాధినేతను ప్రజలు తొలిసారి నేరుగా ఎన్నుకొన్నారు. సారనాథ్‌లోని టిబెటన్ విద్యాసంస్థకు సంచాలకులుగా పనిచేసిన సామ్‌డాంగ్ రిన్‌పోచే ఆ పదవి చేపట్టారు. 2011 మార్చిలో దలైలామా తన రాజకీయాధికారమును పూర్తిగా ఎన్నికైన నాయకత్వానికి అప్పగించుచున్నట్లు సభకు లేఖ వ్రాశారు. వద్దని సభ్యులు ప్రార్థించారు. ఆయన వినలేదు. మే నెలలో శాసనపత్రం సవరింపబడింది. ఆగస్టు 8న లోబ్సాంగ్ సంగే బాధ్యతలు స్వీకరించారు. 1642లో ఐదవ దలైలామాతో మొదలైన గురువు చేతిలో రాజ్యాధికారమనే సంప్రదాయం అంతటితో ముగిసింది.

ప్రజలు తిరుగబడి రాజులను దింపిన ఘట్టాలు చరిత్రలో కొల్లలు. ప్రజలు కన్నీళ్ళతో వద్దన్నా పాలకుడే అధికారాన్ని వారి చేతిలో పెట్టిన ఉదాహరణలు అరుదు. మానవ హక్కుల రంగంలో దలైలామా చేసిన మహత్తర కృషి ఆయన ఉపన్యాసాలకన్న ఈ అధికార త్యాగంలోనే ఉన్నదని మా అభిప్రాయం. శాక్యముని తన తరువాత సంఘానికి వారసుని నియమించలేదు. ధర్మమే మీకు శాస్త అన్నట్లు చెప్పి నిష్క్రమించారు. ఆ పద్ధతిని ఆధునిక రాజ్యాంగ భాషలోనికి తెచ్చినవారు దలైలామా.

స్త్రీల విషయంలోనూ ఈ మార్పు కనబడుతుంది. దీర్ఘకాలం భిక్షువులకే పరిమితమైన ఉన్నత తాత్విక పట్టా “గేషే”. 2016 డిసెంబరులో కర్ణాటకలోని ముండగోడులో జరిగిన ఉత్సవంలో ఇరవై మంది భిక్షుణులకు దలైలామా సమక్షంలో “గేషేమా” పట్టాలు ప్రదానమైనవి. ఆలస్యంగా జరిగిన న్యాయమే అయినను, జరిగినది న్యాయమే.

హక్కులు ఎవరివి?

టిబెట్టులో మానవ హక్కుల ఉల్లంఘనపై ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1959, 1961, 1965 సంవత్సరాలలో తీర్మానాలు చేసింది. మొదటి తీర్మానం నాడు తటస్థంగా నిలిచిన భారతదేశం 1965లో అనుకూలంగా ఓటు వేసింది. ఆ తరువాత ప్రపంచ రాజకీయాలు మారినవి. చైనాకు ఐక్యరాజ్యసమితిలో స్థానం లభించింది. టిబెట్టు సమస్య మరుగున పడింది. అటువంటి స్థితిలో 1987 సెప్టెంబరు 21న దలైలామా అమెరికా శాసనసభ్యుల ఎదుట ఐదు అంశాల శాంతి ప్రణాళికను ప్రకటించారు. టిబెట్టును శాంతిమండలంగా మార్చుట, జనాభా తరలింపును ఆపుట, మానవ హక్కులను గౌరవించుట, ప్రకృతిని కాపాడి అణ్వాయుధాలకు, అణువ్యర్థాలకు చోటివ్వకుండుట, భవిష్యత్తుపై చిత్తశుద్ధితో చర్చలు జరుపుట అందలి అంశాలు. మరుసటి ఏడు జూన్‌లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో, పూర్ణ స్వాతంత్ర్యం బదులు నిజమైన స్వయంపాలన చాలునని ప్రతిపాదించారు. ఇదే క్రమంగా “మధ్యేమార్గం” అని పేరొందింది. 1989లో నోబెల్ శాంతి బహుమతి ఆయనను వరించింది. ఆ బహుమతిని అందుకొన్న డిసెంబరు 10వ తేదీయే ప్రపంచ మానవ హక్కుల దినమగుట విశేషం.

1993లో మానవ హక్కుల చర్చ మరొక మలుపు తిరిగింది. హక్కుల భావన పాశ్చాత్యులదనీ, ఆసియా సంస్కృతికి అది అతకదనీ కొన్ని ఆసియా ప్రభుత్వాలు వాదించసాగాయి. ఆ ఏడాది జూన్‌లో వియన్నాలో జరిగిన ప్రపంచ మానవ హక్కుల మహాసభలో, చైనా అభ్యంతరం కారణంగా దలైలామాకు అధికారిక వేదిక దక్కలేదు. ఆయన వెలుపల స్వచ్ఛంద సంస్థల గుడారంలో ప్రసంగించారు. సుఖమును కోరుట, దుఃఖమును తొలగించుకొన జూచుట మానవులందరికీ సమానమనీ, సంస్కృతుల వైవిధ్యం హక్కుల ఉల్లంఘనకు సాకు కారాదనీ ఆయన వాదసారం.

ఈ వాదం మనకు కొత్త కాదు. 1954 అక్టోబరులో ఆకాశవాణి ప్రసంగంలో అంబేడ్కర్, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే తన సూత్రాలను ఫ్రెంచి విప్లవం నుండి గాక తన గురువైన బుద్ధుని బోధల నుండి గ్రహించానని స్పష్టం చేశారు. ఒకరు హిమాలయాల ఆవలి మఠంలో చదివినవారు. మరొకరు అంటరానితనపు అగ్నిలో నుండి నడచి వచ్చినవారు. దారులు వేరైనను ఇద్దరూ చేరిన చోటు ఒకటే. దుఃఖానికి కులం లేదు, జాతి లేదు. కావున దుఃఖనివారణ హక్కుకూ ఉండరాదు.

ఆంధ్రదేశపు మూలధనం

దలైలామా తమను నలందా సంప్రదాయానికి వారసులుగా చెప్పుకొంటారు. ఆ సంప్రదాయానికి తాత్విక శిఖరం ఆచార్య నాగార్జునుడు. ఆయన పేరు మన కృష్ణాతీరంతో విడదీయరానిది. ఒక శాతవాహన ప్రభువుకు హితవుగా నాగార్జునుడు రచించినదని చెప్పబడే “రత్నావళి” టిబెట్టులో నేటికీ పాఠ్యగ్రంథమే. దలైలామా ఆ గ్రంథమును అనేక పర్యాయములు బోధించారు. శూన్యతా తత్వం చెప్పిన చేతితోనే నాగార్జునుడు అందులో చెరసాలల గురించి వ్రాశాడు. ఖైదీలను శీఘ్రముగా విడుదల చేయవలెను. విడుదల కాని వారికి క్షురకులు, స్నానం, అన్నపానాలు, మందులు, వస్త్రాలు ఏర్పాటు చేయవలెను. ఘోరనేరం చేసినవారిని సైతం చంపక, హింసించక, దేశం నుండి పంపివేయవలెను. కరుణ మరింతగా చూపవలసినది అటువంటివారి యెడలనే. ఖైదీల హక్కులు, మరణశిక్ష రద్దు అంటూ నేడు మనము చర్చించుకొనుచున్న విషయాలు దాదాపు పదునెనిమిది వందల ఏళ్ళ క్రితం ఒక రాజుకు చెప్పబడినవి. మరణశిక్షను వ్యతిరేకించునపుడు దలైలామా పరాయి సిద్ధాంతమును అరువు తెచ్చుకొనుట లేదు. ధాన్యకటక, శ్రీపర్వతాల మూలధనమునే తిరిగి మనకు చూపుచున్నారు.

2006 జనవరిలో అమరావతిలో ఆయన కాలచక్ర దీక్షను నిర్వహించారు. బుద్ధుడు కాలచక్రమును మొదట ధాన్యకటకంలోనే ఉపదేశించాడని టిబెటన్ల విశ్వాసం. అప్పటికి పరిశోధక విద్యార్థులమైన మేము ఆ ఉత్సవానికి వెళ్ళాము. మహాస్తూపపు దిబ్బ చుట్టూ ఒక టిబెటన్ వృద్ధురాలు చేతిలో జపమాలతో ఉదయం నుండి ప్రదక్షిణం చేయుచున్నది. వచ్చీరాని హిందీలో పలకరించితిమి. బైలకుప్ప నుండి వచ్చినదట. “ఇది మీ ఊరా?” అని మమ్మడిగింది. జిల్లా వారమే అన్నాము. ఆమె మా రెండు చేతులూ పట్టుకొని నుదుటికి ఆనించుకొన్నది. ఆ దిబ్బను మేము అంతకుముందు ఎన్నోసార్లు చూచియుంటిమి, కొలతలు తీసుకొని యుంటిమి. దానికి నమస్కరించవచ్చునని ఆ రోజు వరకు మాకు తట్టలేదు.

అహింసకు పరీక్ష

ఇక మా విద్యార్థి ప్రశ్నకు రావలెను. అహింస దలైలామాకు సులభంగా సాగలేదు. టిబెటన్లలో ఒక వర్గం ఆయుధం పట్టింది. నేపాల్ సరిహద్దులోని ముస్తాంగ్ నుండి అమెరికా గూఢచారి సంస్థ సహాయంతో గెరిల్లాలు పోరాడారు. అమెరికా తన అవసరం తీరగానే చేయి వదిలింది. 1974లో నేపాల్ సైన్యం వారిని చుట్టుముట్టినపుడు, ఆయుధాలు విడువమని దలైలామా తన గొంతును రికార్డు చేయించి పంపారు. వారు విడిచారు. ఆయన మాట కాదనలేక, ఓటమిని భరించలేక కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. అహింసను ఆజ్ఞాపించుటకు కూడ ఒక మూల్యం ఉన్నది. దానిని దాచిపెట్టి ఆయనను కీర్తించుట ఆయనకే అన్యాయం.

2008 మార్చిలో లాసాలో అల్లర్లు చెలరేగినపుడు, హింస అదుపు తప్పినచో తాను పదవి నుండి వైదొలగుదునని ఆయన తన ప్రజలకే హెచ్చరిక చేశారు. 2002 నుండి 2010 వరకు చైనా ప్రతినిధులతో తొమ్మిది విడతల చర్చలు జరిగినను ఫలితం శూన్యం. 2009 నుండి నూట యాభై మందికి పైగా టిబెటన్లు తమ శరీరాలకు నిప్పంటించుకొన్నారు. అవును, రాజకీయ లెక్కలో ఆయన ఓడిపోయినట్లే కనబడుతున్నారు.

అయితే ఇంకొక లెక్క ఉన్నది. దాదాపు పద్దెనిమిదేళ్ళు చైనా చెరలో గడిపి ధర్మశాలకు చేరిన ఒక వృద్ధ భిక్షువును, అక్కడ నీకు ప్రమాదమేమైనా ఎదురైనదా అని దలైలామా అడిగారట. చైనీయులపై కరుణ కోల్పోవు ప్రమాదం ఒకటి రెండు పర్యాయములు వచ్చినదని ఆ భిక్షువు బదులిచ్చారట. ఈ సంఘటనను దలైలామా తరచుగా చెబుతారు. దేశం కోల్పోయిన జాతులు ఎన్నో ద్వేషంలో కాలిపోయినవి. టిబెటన్లు తమ భాషను, గ్రంథాలను, బడులను, ఎన్నికలను, ఆత్మగౌరవమును నిలుపుకొన్నారు. మూల సంస్కృతంలో నశించిన మన గ్రంథాలెన్నో వారి అనువాదాల ద్వారానే నేడు మనకు లభించుచున్నవి.

తనవారి తప్పును చూపుటలో కూడ ఆయన వెనుకాడలేదు. 2014 జూలైలో లడఖ్‌లోని లేహ్‌లో కాలచక్ర సభలో, మయన్మార్, శ్రీలంక బౌద్ధులు ముస్లింలపై దాడులు ఆపవలెననీ, చేయి ఎత్తుటకు ముందు బుద్ధుని రూపమును మనస్సులో నిలుపుకొనవలెననీ అర్థించారు. 2017లో రోహింగ్యాలు సరిహద్దులు దాటుచున్నపుడు, బుద్ధుడే ఉన్నట్లయితే ఆ దీనులకు తప్పక సహాయపడి యుండెడివాడన్నారు. పరాయివాని హింసను ఖండించుట సులభం. కాషాయం కట్టిన సోదరుని హింసను ఖండించినవాడే మానవ హక్కుల పక్షాన నిలిచినవాడు.

ఉపసంహారము

2025 జూలై 6న దలైలామాకు తొంభై సంవత్సరాలు నిండినవి. అంతకు నాలుగు రోజుల ముందు, తన పరంపర కొనసాగుననీ, వారసుని గుర్తించు అధికారం గాదెన్ ఫోద్రాంగ్ ట్రస్టుదేననీ ఆయన ప్రకటించారు. చైనా అందుకు సమ్మతించలేదు. ఒక మతస్థుల గురువును ఎన్నుకొను హక్కు ఆ మతస్థులదా, రాజ్యానిదా? రాబోవు కాలంలో ఆసియా ఎదుర్కొనబోవు మానవ హక్కుల ప్రశ్నలలో ఇది ఒకటి.

మా విద్యార్థికి మేము చెప్పు జవాబు ఇది. “నాయనా, దేశం దక్కలేదు, నిజమే. కాని దేశం దక్కిననాడు దానిని ఎట్లు పాలించుకొనవలెనో ఆ ప్రజలు నేర్చుకొన్నారు. దేశం దక్కియు ఆ విద్య నేర్వని జాతులను నీవు సిలబస్‌లోనే చదివితివి గదా!”

ఇక మన మాట. బౌద్ధ పునరుజ్జీవనమంటే స్తూపాలకు సున్నం వేయుట, విగ్రహాలు నిలుపుట, జయంతులు జరుపుట మాత్రమే అయినచో అది అసంపూర్ణం. మన సంఘాలలో పదవి చేపట్టినవారు గడువు తీరగానే దిగుచున్నామా? మన సభలలో స్త్రీలకు వేదికపై స్థానమున్నదా, వంటశాలలోనే ఉన్నదా? పక్క ఊరిలో ఎవరి హక్కు మంటగలిసినను మన విహారం తలుపు తెరచుకొనుచున్నదా? ఈ ప్రశ్నలు మేము ఇతరులను అడుగుట లేదు. ఒక శాఖలో పదకొండేళ్ళుగా కార్యదర్శి పదవిని అంటిపెట్టుకొని యున్న మమ్మే అడుగుకొనుచున్నాము. ఈ వ్యాసం వ్రాయుట ముగించిన పిమ్మట, రాబోవు సర్వసభ్య సమావేశంలో ఆ బాధ్యతను మరొకరికి అప్పగించవలెనని నిశ్చయించుకొన్నాము. తొంభై ఏళ్ళ శరణార్థి గురువు నుండి మేము నేర్చిన పాఠం ప్రస్తుతానికి ఇంతమాత్రమే.

భవతు సర్వమంగళమ్.